డిచ్‌పల్లి డాక్టరమ్మ

వైద్య నరసింహుడని ప్రఖ్యాతి గాంచిన యాదగిరిస్వామి సన్నిధికి దీర్ఘరోగులు వచ్చి, మండలదీక్షతో ప్రదక్షిణములు సేయుట మన పాఠకు లెరిగినదే. ఆ గుట్టనీడను వెలువడు నీ సంచికయందు, రోగపీడితులకై పాటుపడిన యొక డాక్టరమ్మను స్మరించుట యుచితమని తలంచితిమి. ఆమె మన కులమునగాని, మన దేశమునగాని పుట్టినది కాదు. అది మాకు అడ్డుగా తోచలేదు.

ఇసబెల్ కెర్ గారు 1875లో స్కాట్లండునం దొక రైతుయింట జనించిరి. అబర్డీను విశ్వవిద్యాలయమున 1903లో వైద్యపట్టము నంది, భర్తయగు జార్జి కెర్ పాదిరిగారితో 1907లో నిజాము రాజ్యమునకు వచ్చి, పిమ్మట ఇందూరు, అనగా నిజామాబాదు, చేరిరి.

కలరా, ప్లేగు మనుష్యుని దినములలో ముగించును. కుష్ఠ మట్లు గాదు. మొదట స్పర్శను, వ్రేళ్లను, ఆపై ఇంటిని, ఊరిని హరించును. పొలిమేర దాటింపబడిన రోగికి మందుకంటె ముందు నిలువనీడ కావలెను. నీడకు ధనము కావలెను. రాజా నర్సాగౌడు గారు మతభేద మెంచక పెద్దమొత్త మొసంగిరి. 1915లో డిచ్‌పల్లియందు ఆస్పత్రి వెలసెను. దాతల పట్టికలు చూచినపుడెల్ల మాకీ దానమే స్ఫురించును.

చాల్ముగ్రా నూనె త్రాగించిన రోగికి వాంతులగును. దానిని సూదిమందుగా నెక్కించు పద్ధతిని కలకత్తాలో డాక్టరు మ్యూర్ గారు పెంపొందింపగా, కెర్ గారు డిచ్‌పల్లియం దవలంబించిరి. నొప్పి కోర్చి నెలలతరబడి సూదులు వేయించుకొనవలెను. తొలిదశలో వచ్చినవారికి గుణము కనిపించెను. ముదిరినవారి కంతగా లేదు. 1923లో దొరతనమువారు ఆమెకు కైజరి హింద్ పతకమిచ్చిరి. డాప్సోను మందు 1940 దాటినగాని రాలేదు. అంతవరకు రోగులా నూనెసూదినే నమ్ముకొనిరి.