పీహెచ్ లెక్క నేర్పిన రైతుబిడ్డ

రైతు సోదరులారా, మీ భూసార పరీక్ష పత్రం ఒకసారి తీయండి. అందులో ఉదజని సూచిక, అంటే పీహెచ్, అని ఒక అంకె ఉంటుంది. ఆ లెక్క పెట్టినవాడు డెన్మార్క్ రైతుబిడ్డ సోరెన్ సోరెన్‌సెన్. 1868లో పుట్టాడు. వైద్యం చదవబోయి రసాయనశాస్త్రం వైపు మళ్లాడు. నత్రజని కొలిచే పద్ధతి కనిపెట్టిన కెల్డాల్ తర్వాత, 1901లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రసాయన విభాగానికి అధిపతి అయ్యాడు. బీరు కంపెనీవాళ్లు పెట్టిన ప్రయోగశాల లెండి అది.

అక్కడ ఆయన పని ఎంజైముల మీద. ద్రవంలో ఆమ్లగుణం కాస్త మారినా ఎంజైముల పని మారిపోయేది. లిట్మస్ కాగితం ఎర్రబడితే ఆమ్లం, నీలమైతే క్షారం. అంతవరకే చెబుతుంది, ఎంత ఘాటో చెప్పదు. స్వచ్ఛమైన నీటిలో కోటి లీటర్లకు ఒక్క గ్రాము ఉదజని అయాన్లుంటాయి. ఇంత చిన్న లెక్క ప్రతిసారీ రాయడం తలనొప్పే. 1909లో ఆయన కోటిలోని సున్నాలను మాత్రం లెక్కపెట్టి 7 అన్నాడు. అది తటస్థం. పది లక్షల లీటర్లకే ఒక గ్రాము ఉంటే సున్నాలు ఆరు, సూచిక 6. అంటే ఆమ్లగుణం పదింతలు పెరిగినట్టు. 7 దాటితే క్షారం. భార్య మార్గరెథె కూడా పరిశోధనల్లో తోడుండేది. ఆయన 1939లో కన్నుమూశాడు.

అందుకే 7.5కూ 8.5కూ ఒకటే కదా తేడా అనుకోకండి, అది పదింతలు. 9.5 అయితే వందింతలు. 8.5 దాటితే క్షార చౌడు అయి ఉండవచ్చు. పొరుగు చేనును చూసి జిప్సం వేయకుండా, మీ పత్రం వ్యవసాయ అధికారికి చూపించి ఎంత వేయాలో అడగండి.