కొలతయే ప్రమాణం: హెన్రీ లేలాండ్ జీవితం

యంత్రంలో ఒక భాగం అరిగిపోతే దానిని తీసివేసి, అంగడిలో అదే పేరుతో దొరికే మరొక భాగాన్ని కొనితెచ్చి బిగించుకోవడం నేడు మనకు అతి సామాన్యమైన విషయం. కుట్టుమిషను బాబిన్ మొదలుకొని మోటారు ఇంజన్ పిస్టన్ వరకు సమస్తమూ ఈ నమ్మకం మీదనే నడుస్తున్నది. అయితే ఈ సౌకర్యం దానంతట అది సిద్ధించినది కాదు. ఒక యంత్రపు భాగం మరొక యంత్రంలో ఇమిడి పనిచేయాలంటే, ఆ రెండింటినీ తయారుచేసిన చేతులు ఒకదానినొకటి చూడకపోయినా ఒకే కొలతకు కట్టుబడి ఉండాలి. మోటారు పరిశ్రమలో ఈ నియమాన్ని వ్రతంగా పాటించి, లోకానికి నిరూపించి చూపిన మహాశిల్పి హెన్రీ మార్టిన్ లేలాండ్.

లేలాండ్ 1843 ఫిబ్రవరి 16వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే కుటుంబం కోసం శ్రమించవలసి వచ్చిన ఆయనకు కర్మాగారమే కళాశాల అయింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ నగరంలో మగ్గాలు తయారుచేసే క్రాంప్టన్ కర్మాగారంలో పని నేర్చుకునే కుర్రవానిగా ప్రవేశించాడు. అంతలో అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగింది. ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధశాలలో తుపాకుల తయారీకి వలసిన పనిముట్లు రూపొందించే కొలువులో చేరాడు. ఇరవై ఒకటవ ఏట, 1864లో, తన మొట్టమొదటి ఓటును అబ్రహాం లింకన్‌కు వేశాడు. ఆ పేరు ఆయన హృదయంలో చిరకాలం నిలిచిపోయింది.

పూర్వం తుపాకిని ఒక్కొక్క పనివాడు ఒక్కొక్కటిగా తయారుచేసేవాడు. భాగాలను ఒకదానికొకటి ఆనించి చూస్తూ, ఆకురాయితో రాపిడి పెట్టి అమర్చేవాడు. అట్టి తుపాకి ఎంత అందంగా ఉన్నా, రణరంగంలో దాని మీట విరిగితే పక్క సైనికుని తుపాకి మీట దానికి పనికివచ్చేది కాదు. ఈ కష్టాన్ని తొలగించడానికే ఆయుధశాలలో గేజీల పద్ధతిని అమలు జరిపారు. భాగాన్ని దాని పక్క భాగంతో కాక, నిర్ణీతమైన గేజితో సరిచూడడమే ఆ పద్ధతి. యువకుడైన లేలాండ్ అక్కడ నేర్చుకున్న పాఠం ఇదే. ఆ తరువాత హార్ట్‌ఫర్డ్‌లోని కోల్ట్ తుపాకుల కర్మాగారంలోను, 1872 నుండి ప్రావిడెన్స్ నగరంలోని బ్రౌన్ అండ్ షార్ప్ సంస్థలోను ఆయన పనిచేశాడు. మైక్రోమీటర్లకు, సూక్ష్మ యంత్రపరికరాలకు పేరుపడ్డ ఆ సంస్థలో కుట్టుమిషన్ల విభాగానికి అధిపతి అయ్యాడు. అంగుళంలో వెయ్యోవంతును కంటితో కాక పరికరంతో చూడడం ఆయనకు నిత్యకృత్యమైంది.

1890లో, నలభై ఏడేళ్ల వయస్సులో, రాబర్ట్ ఫాకనర్ అనే కలప వ్యాపారి పెట్టుబడితో డెట్రాయిట్ నగరంలో సొంత కర్మాగారం స్థాపించాడు. సైకిళ్లకు పళ్లచక్రాలు, పిమ్మట పెట్రోలు ఇంజన్లు అక్కడ తయారయ్యాయి. 1901లో ఓల్డ్స్ మోటారు సంస్థ తన కార్లకు వలసిన ఇంజన్లు తయారుచేసే పనిని ఆయనకు అప్పగించింది. అదే నమూనా ప్రకారం ఇతరులు తయారుచేసిన ఇంజన్ కంటె లేలాండ్ ఇంజన్ అధిక శక్తినిచ్చింది. నమూనాలో మార్పు లేదు. కొలతలోని నిక్కచ్చితనమే ఆ శక్తికి మూలం. అనంతరం ఆయన మరింత శక్తిగల ఇంజన్‌ను రూపొందించి చూపగా, ఉత్పత్తికి ఆటంకం కలుగుతుందని ఓల్డ్స్ సంస్థ దానిని అంగీకరించలేదు.

ఆ తిరస్కారం మరొక ద్వారాన్ని తెరిచింది. 1902లో హెన్రీ ఫోర్డ్ తన పేరిట ఉన్న సంస్థను విడిచి వెళ్లగా, పెట్టుబడిదారులు దానిని మూసివేయదలచి, యంత్రసామగ్రికి వెల కట్టవలసిందిగా లేలాండ్‌ను పిలిచారు. వెల కట్టడానికి వెళ్లిన ఆయన, సంస్థను మూయవద్దని, తన ఇంజన్‌తో కార్లు తయారుచేయవచ్చునని వారిని ఒప్పించాడు. డెట్రాయిట్ నగర స్థాపకుని పేరు మీదుగా ఆ సంస్థకు కాడిలాక్ అని నామకరణం జరిగింది.

ఇక ఆయన కీర్తికి శాశ్వత ప్రమాణమైన ఘట్టం 1908లో ఇంగ్లండులో జరిగింది. అమెరికా వస్తువులు చవకవే గాని నాణ్యమైనవి కావన్న అభిప్రాయం ఆనాడు అక్కడ బలంగా ఉండేది. చేతితో రాచి అమర్చినదే మేలైన కారు అని పెద్దల నమ్మిక. కాడిలాక్ కార్లను లండన్‌లో విక్రయించే ఫ్రెడరిక్ బెన్నెట్ ఈ అపవాదును తొలగింపనెంచి, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో బహిరంగ పరీక్షకు సిద్ధపడ్డాడు. అమ్మకానికి ఉన్న కార్లలో ఒంటి సిలిండర్ గల కె నమూనా కార్లు మూడింటిని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటకు తోలుకువెళ్లి, కొంతసేపు పరుగెత్తించి, మేకు మేకుగా విప్పివేశారు. ఒక్కొక్క కారు 721 భాగాలుగా విడిపోయింది. క్లబ్ అధికారులు మూడు కార్ల భాగాలనూ కలగాపులగంగా కలిపివేశారు. అంతటితో ఆగక, సూక్ష్మమైన కొలతలు అవసరమైన 89 భాగాలను తీసి దాచివేసి, వాటి స్థానంలో బెన్నెట్ దుకాణంలోని విడిభాగాలను ఉంచారు.

ఆ రాశి నుండి తిరిగి మూడు కార్లు లేవాలి. ఆకురాయి ముట్టరాదు, పానాలు, స్క్రూడ్రైవర్లు మాత్రమే వాడాలి. వానలకు షెడ్డులో నీరు చేరగా, పనివారు చీలమండల లోతు నీటిలో నిలబడి పని సాగించారు. ఒక్క పిస్టన్ పట్టివేసినా, ఒక్క బేరింగ్ వదులైనా, అరవై అయిదేళ్ల వృద్ధుని జీవితకాలపు నమ్మకం పదిమంది ఎదుట నవ్వులపాలై ఉండేది. కాని మార్చి నెల నడిమికి మూడు కార్లూ రంగులు కలిసిన వింతవేషంతో లేచి నిలబడ్డాయి. మూడూ 500 మైళ్ల పరుగును పూర్తి చేశాయి. ఆ ఏటి డ్యూయర్ ట్రోఫీ కాడిలాక్‌కు లభించింది. ఒక అమెరికన్ కారుకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం.

1909లో కాడిలాక్ సంస్థ జనరల్ మోటార్స్‌లో చేరినప్పటికీ లేలాండ్, ఆయన కుమారుడు విల్‌ఫ్రెడ్ యాజమాన్యంలో కొనసాగారు. ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో అమరింది. చేతితో ఇంజన్ తిప్పే ప్రమాదకరమైన శ్రమకు అది చరమగీతం పాడింది. డ్యూయర్ ట్రోఫీని రెండవసారి తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సంస్థాధిపతి డ్యూరంట్‌తో విభేదాలు ఏర్పడగా, 1917లో తండ్రీకొడుకులు బయటకు వచ్చి లింకన్ సంస్థను స్థాపించారు. పన్నెండు సిలిండర్ల లిబర్టీ విమాన ఇంజన్లను 6,500 వరకు తయారుచేశారు. అదే ఇంజన్‌ను ప్యాకార్డ్, ఫోర్డ్ మున్నగు సంస్థలు సైతం తయారుచేశాయి. తుపాకుల నాటి సూత్రం ఆ విధంగా ఆకాశానికి ఎగసింది.

యుద్ధం ముగిశాక, 1920లో లింకన్ కారు వెలువడింది. దాని యంత్రం నిర్దుష్టమైనది. కాని రూపం పాతబడినదని కొనేవారు పెదవి విరిచారు. ఆర్థిక మాంద్యం తోడైంది. యంత్రపు కొలతలో ఏనాడూ తప్పని మనిషి వ్యాపారపు అంచనాలో తప్పాడు. 1922 ఫిబ్రవరిలో ఆ సంస్థను హెన్రీ ఫోర్డ్ 80 లక్షల డాలర్లకు కొన్నాడు. ఇరవై ఏళ్ల క్రితం ఫోర్డ్ విడిచిన సంస్థను నిలబెట్టిన లేలాండ్, తాను స్థాపించిన సంస్థను ఫోర్డ్ చేతిలో పెట్టి, కొన్ని నెలలకే నిష్క్రమించవలసి వచ్చింది. 1932 మార్చి 26వ తేదీన, ఎనభై తొమ్మిదవ ఏట, డెట్రాయిట్‌లో కన్నుమూశాడు.

ఆయన బోధించిన పాఠానికి ఒక హద్దు ఉన్నది. దానిని గుర్తించకుంటే పాఠం సగమే అవుతుంది. బ్రూక్‌లాండ్స్‌లో కలిసిన మూడు కార్లూ ఒకే నమూనాకు చెందినవి. వేర్వేరు సంవత్సరాల భాగాలను కలిపితే ఏమగును? ఆయన విడిచి వచ్చిన జనరల్ మోటార్స్ సంస్థయే దీనికి తగిన ఉదాహరణను ఇచ్చింది. ఆ సంస్థ వారి కార్వెట్ అనే స్పోర్ట్స్ కారులో 1955 నుండి అమర్చిన చిన్న వి-8 ఇంజన్ దశాబ్దాల పాటు బయటికి ఒకే ఆకారంతో సాగింది. పాత ఇంజన్లను పునర్నిర్మించేవారు ఒక ఏటి భాగాన్ని మరొక ఏటి భాగంతో కలపడం అందువలన సాధ్యమైంది. 283 ఘనపుటంగుళాల ఇంజన్ క్రాంక్ షాఫ్ట్‌ను 327 ఇంజన్ బ్లాకులో అమరిస్తే 302 ఘనపుటంగుళాల ఇంజన్ ఏర్పడుతుంది.

కాని ఆకారం మోసగిస్తుంది. 1967 వరకు ఈ రెండు ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ప్రధాన బేరింగ్ ఆనే చోటి వ్యాసం 2.30 అంగుళాలు, 1968లో అది 2.45 అంగుళాలయింది. అందుచేత పాత షాఫ్ట్ కొత్త బ్లాకులో నేరుగా కూర్చోదు. 1986లో వెనుకవైపు ఆయిల్ సీల్ రెండు ముక్కలకు బదులు ఒకే ముక్కగా మారింది. ఫ్లైవీల్ బోల్టుల వలయం చిన్నదయింది. తూకపు బరువులో కొంత ఫ్లైవీల్‌కు మారింది. ఇక సిలిండర్ హెడ్ బోల్టులు సరిపోయినంత మాత్రాన చాలదు. దాని దహనగది చిన్నదైతే సంపీడనం పెరిగి ఇంజన్ తట్టుట ప్రారంభిస్తుంది. కనుక పునర్నిర్మాణానికి పూనుకున్నవాడు మొదట పోతపై ఉన్న సంఖ్యను చదవాలి. పిమ్మట మైక్రోమీటర్ పట్టి కొలవాలి. ఆపైననే పానా అందుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. ఏడు వేరైనంత మాత్రాన పొత్తు కుదరకపోదు. రెంటినీ తేల్చేది కొలత ఒక్కటే. ఎక్కడో ఒక పనివాడు, తాను ఎన్నడూ చూడబోని మరొక పనివాని కోసం, వెయ్యోవంతు అంగుళం వద్ద మాట తప్పకుండా నిలబడినందువల్లనే నేడు మన చేతిలోని విడిభాగం తన చోట ఇముడుతున్నది. ఆ మాట నిలుపుకోవడమే లేలాండ్ జీవితం మనకు విడిచిన ఆస్తి.