పప్పు తింటే షుగర్ పెరుగుతుందా? యల్లాప్రగడ కథ వినండి

నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో శనగ విరివిగా పండుతుంది. ఆళ్లగడ్డ వైపు ఇళ్లలోనూ పప్పుదినుసులకు కొదవుండదు. అయినా ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని తేలగానే పప్పు మీదా, గుడ్డు మీదా అనుమానం మొదలవుతుంది. ప్రొటీన్ కూడా గ్లూకోజుగా మారుతుందని ఒకరంటారు. ప్రొటీన్‌తో షుగర్ అసలు పెరగదని ఇంకొకరు. మీరు ఎవరి మాట నమ్మాలి? రెండింటిలోనూ కొంత నిజముంది. అదేంటో తెలియాలంటే ఒక భీమవరం కుర్రాడి కథ తెలుసుకోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద బుద్ధి నిలవలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరారు. తల్లి వెనక్కి రప్పించింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి శస్త్రచికిత్స ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు రోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించిపోయే జబ్బది. సుబ్బారావునూ పట్టుకుంది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. తిండి ఒంట్లో ఏమవుతుందన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేస్తూ చదువుకున్నారు. తర్వాత హార్వర్డ్‌లో ఒట్టో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో చేరారు. ప్రొటీన్ ఒంట్లో ఎలా ఖర్చవుతుందో మూత్రంలోని నత్రజనితో లెక్కగట్టినవారు ఫోలిన్. రక్తంలో చక్కెరను కొలవటానికి హ్సియెన్ వూతో కలిసి ఆయన రూపొందించిన పద్ధతినే చాలా ఏళ్లు ల్యాబుల్లో వాడారు. మీరు పరగడుపున ఇచ్చే రక్తపరీక్షకు అదొక పూర్వరూపం అనుకోవచ్చు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించారు. దాంతోనే కండరంలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. కణాలు ఏ పని చేయాలన్నా ఖర్చుపెట్టే చిల్లర నాణెం లాంటిది ఈ ఏటీపీ.

ఇప్పుడు మీ కంచం దగ్గరికి రండి. అన్నంలోని పిండిపదార్థం అరగగానే గ్లూకోజై నేరుగా రక్తంలోకి వస్తుంది. ప్రొటీన్ అలా కాదు. ముందు అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిలో కొన్నింటి నుంచి కాలేయం నత్రజనిని తీసేసి, ఏటీపీ ఖర్చుపెట్టి గ్లూకోజు తయారు చేయగలదు. అది నెమ్మదిగా సాగే పని. పైగా అమైనో ఆమ్లాలు క్లోమాన్ని ఇన్సులిన్ వదలమని ప్రేరేపిస్తాయి. అక్కడా ఏటీపీదే పాత్ర. క్లోమం కణాల్లో అది పెరిగితే కణం పొరలోని ఒక ద్వారం మూసుకుంటుంది, దాంతో ఇన్సులిన్ విడుదలవుతుంది. గ్లిమెపిరైడ్ మాత్ర పనిచేసేదీ ఈ ద్వారం దగ్గరే.

అందుకే టైప్2 మధుమేహంలో గుడ్డు తింటే షుగర్ అన్నం తిన్నట్టు ఎగబాకదు. గుడ్డులో ప్రొటీన్ 6 గ్రాముల వరకు ఉంటుంది, పిండిపదార్థం దాదాపు లేదు. పప్పు లెక్క వేరు. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో ప్రొటీన్ సుమారు 22 గ్రాములైతే, పిండిపదార్థం దానికి రెట్టింపు కన్నా ఎక్కువే. పీచు కారణంగా అది నెమ్మదిగా అరుగుతుంది, అంతే. కంచం నిండా సోనా మసూరి అన్నం అలాగే ఉంచి, పైన మరో గరిటె పప్పు పోసుకుంటే మేలు జరగదు. అన్నం తగ్గించి ఆ చోట గట్టిపప్పు, ఉడికించిన శనగలు పెట్టుకోండి. వాటిని, కూరను ముందు తిని అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుంది.

టైప్1 వారికి ఇన్సులిన్ స్వతహాగా రాదు కాబట్టి, మాంసం బాగా తిన్నరోజు మూడు నుంచి ఐదు గంటల తర్వాత షుగర్ పెరగొచ్చు. ఆ రాత్రి ఒకసారి చూసుకోవాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోయే ప్రమాదముంది. అలా పడిపోయి చెమటలు పట్టినప్పుడు వేరుశనగలో గుడ్డో ఇవ్వకండి, చక్కెర నీళ్లే ఇవ్వండి. కిడ్నీ సమస్య ఉంటే ప్రొటీన్ పెంచే ముందు డాక్టరు మాట తప్పనిసరి.

సుబ్బారావు 1940లో లెడర్లే సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఇంటి నుంచి వెళ్లినవారు మళ్లీ రాలేదు. పసితనంలోనే పోయిన కొడుకును చూడలేదు, భార్య శేషగిరినీ మళ్లీ కలవలేదు. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే గుండెపోటుతో చనిపోయారు. అప్పటికే స్ప్రూ రోగులకు వైద్యులు ఫోలిక్ ఆమ్లం ఇస్తున్నారు.