నెల్లూరు డాక్టరుగారి పక్షులు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మీదుగా వెళ్లేటప్పుడు మేము పెయింటర్ల దగ్గర కాసేపు ఆగుతుంటాం. కొత్త బాడీ మీద చిలకనో నెమలినో చూస్తుండగానే దించేస్తారు. కింద సంతకం ఉండదు. ఎవరు వేశారని లారీ యజమాని కూడా అడగడు. అలా నిలబడినప్పుడల్లా మాకు నెల్లూరులో పనిచేసిన ఒక దొర గుర్తుకొస్తారు.

ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. 1811లో ఇంగ్లండులో పుట్టి, ఎడింబరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ అసిస్టెంట్ సర్జన్‌గా 1836లో మద్రాసుకు వచ్చారు. గంజాం, తిరుచిరాపల్లి తిరిగి 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్ అయ్యారు. ఆయన పాదిరి కాదు, మిషనరీ కాదు. రోగులను చూడగా మిగిలిన సమయమంతా పక్షులకు, పాములకు, ఆఖరికి చీమలకు కూడా ఇచ్చిన మనిషి.

అప్పటికే అమెరికాలో జాన్ జేమ్స్ ఆడుబన్ పేరు మారుమోగుతోంది. పక్షులను వాటి అసలు పరిమాణంలో చూపే 435 చిత్రాల మహాగ్రంథాన్ని ఆయన 1838లో ముగించారు. జెర్డన్‌కు అంత స్తోమత లేదు. 1843 నుంచి 1847 వరకు మద్రాసులో విడతలుగా తెచ్చిన పుస్తకంలో 50 చిత్రాలే. వాటిని గీసింది మన దేశపు చిత్రకారులు. మద్రాసు రాజధానిలోనే మొక్కల మీద పనిచేసిన డాక్టర్ రాబర్ట్ వైట్ తన చిత్రకారులు రంగయ్య, గోవిందుల పేర్లను అచ్చులో వేయించారు, ఒక ఆర్కిడ్ జాతికి గోవిందు పేరే పెట్టారు. అది ఆ కాలంలో అరుదైన మర్యాద.

ఇంకో మాట దాచకూడదు. ఆ రోజుల్లో పక్షిని గీయాలంటే ముందు దాన్ని తుపాకీతో కొట్టాలి. ఆడుబన్ కొట్టారు, జెర్డన్ కొట్టారు. కాసుకు రెండు పిచ్చుకలు అమ్ముడుపోయినా తండ్రి లెక్కలో అవి ఉంటాయని చదువుకున్న మనకు ఇది కలుక్కుమంటుంది.

మాకు జెర్డన్ మీద అభిమానం కలిగింది మరో సంగతి వల్ల. 1862-64లో వచ్చిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో ఆయన లాటిన్ పేరు పక్కనే తెలుగు, తమిళం, హిందీ పేర్లు రాశారు. సెమినరీలో ఆదికాండం చదివినప్పుడు, ఆదాము జంతువులకు పేర్లు పెట్టడం ఏలుబడికి గుర్తని మాకు నేర్పారు. ఈ పుస్తకం చూశాక ఇంకోలా అనిపించింది. ఇక్కడ పేరు రాయాలంటే ముందు పల్లెవాళ్లను, వేటగాళ్లను అడగాలి, వాళ్లు చెప్పేది వినాలి. జెర్డన్ దొర విన్నారు.

నెల్లూరుకు పడమటి కొండల్లో, కడప సీమలో ఆయనకు ఒక పక్షి దొరికింది. రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు, రాత్రిపూట సంచారం. కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రీయ నామం ఇచ్చారు. అక్కడి తెలుగువారు దాన్ని అడవి ఉత్తతిత్తి అనేవారని జెర్డన్ రాసుకున్నారు. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి. ఇప్పుడు మనం కలివికోడి అంటున్నాం. జెర్డన్ 1868లో పదవీ విరమణ చేసి, స్వదేశం చేరి, 1872లో కన్నుమూశారు.

1900లో అనంతపురం దగ్గర మిషనరీ హోవర్డ్ కాంబెల్ కలివికోడిని చూశారు. ఆ తరువాత 86 ఏళ్లు జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు కడప జిల్లా రెడ్డిపల్లి ప్రాంతంలో వెతికారు. రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి చూపించింది ఆ ఊరి వేటగాడు. పట్టిన పక్షి బతకలేదు. కానీ జాతి బతికే ఉందని తేలింది, లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకి వస్తే కాలువనే పక్కకు మళ్లించారు.

ఆ తరువాత మళ్లీ మౌనం. పదేళ్లు దాటింది. కెమెరాలు పెట్టారు, రాత్రులు కాపుకాశారు. 2025 ఆగస్టులో కడప చిట్టడవుల్లో, చీకట్లో, కలివికోడి కూత వినబడింది.