సభలో ఓడినా దారి వేసి వెళ్లిన గోఖలే

అసెంబ్లీ సమావేశాలు మొదలయ్యాయంటే మన ఇళ్లలో టీవీ ముందు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. మెజారిటీ వాళ్లది, మనవాడు ఒక్కడు లేచి తీర్మానం పెడితే ఏం ఒరుగుతుంది అని. మాట కొట్టిపారేయదగ్గది కాదు. కానీ నూరేళ్ల కిందట, అంతకంటే కష్టమైన సభలో కూర్చుని, ఓడిపోతానని తెలిసీ తీర్మానాలు పెట్టిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన గోపాల కృష్ణ గోఖలే.

గోఖలే 1866 మే 9న మహారాష్ట్ర రత్నగిరి ప్రాంతంలోని కోత్లుక్ అనే పల్లెలో పుట్టారు. పదమూడేళ్లకే తండ్రి పోయారు. అన్న గోవిందరావు చదువు మానేసి నెలకు 15 రూపాయల ఉద్యోగంలో చేరి, అందులో 8 రూపాయలు తమ్ముడి చదువుకు పంపేవారు. ఆ డబ్బు విలువ తెలిసిన తమ్ముడు సొంతంగా వండుకు తింటూ చదివి, 1884లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బీఏ పూర్తిచేశారు. తర్వాత పుణెలో బడిపంతులయ్యారు, ఆపైన ఫెర్గూసన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. జస్టిస్ రానడే దగ్గర లెక్కలు, నివేదికలు, ప్రభుత్వ పద్దులు చదవడం నేర్చుకున్నారు.

1897లో ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. ప్లేగు రోజుల్లో పుణెలో ఇళ్లు సోదా చేసిన సైనికులు ఆడవాళ్లపై అఘాయిత్యం చేశారని, మిత్రుల ఉత్తరాల ఆధారంగా ఇంగ్లండ్‌లో ఉండగా పత్రికకు చెప్పారు. తిరిగొచ్చాక ప్రభుత్వం రుజువులు అడిగింది. ఉత్తరాలు రాసినవాళ్లెవరూ ముందుకు రాలేదు. వాళ్ల పేర్లు బయటపెట్టకుండా గోఖలే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. సొంతవాళ్లే ఆయన్ను పిరికివాడన్నారు. ఆ తర్వాత చేతిలో కాగితం లేకుండా ఆయన సభలో నోరు తెరిచింది లేదు.

1899లో బొంబాయి కౌన్సిల్‌లో అడుగుపెట్టారు. 1901లో రైతుల భూమి హక్కులకు సంబంధించిన రెవెన్యూ బిల్లు వచ్చింది. ముందు ప్రజల అభిప్రాయం తీసుకోండి అని సభ్యులు కోరితే ప్రభుత్వం వినలేదు. ఫిరోజ్‌షా మెహతా, గోఖలే, మరికొందరు సభ నుంచి లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు మనం రోజూ చూసే వాకౌట్ అప్పట్లో పెద్ద సంచలనం.

ఆ మరుసటి ఏడాది వైస్రాయ్ అధ్యక్షతన కలకత్తాలో జరిగే ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఆ సభలో సభ్యులకు ఉన్న హక్కులు చాలా తక్కువ. ప్రశ్న అడగొచ్చు, కానీ జవాబు మీద మళ్లీ ప్రశ్న వేయకూడదు. బడ్జెట్ మీద మాట్లాడొచ్చు, కానీ ఓటు ఉండదు. తీర్మానం పెట్టే హక్కు అసలే లేదు. ఆ కాస్త సందులోనే గోఖలే పని మొదలుపెట్టారు. 1902 మార్చి 26న బడ్జెట్‌పై మాట్లాడుతూ, ఖజానాలో మిగులు కనిపించడం దేశం బాగుందనడానికి గుర్తు కాదని, కరువులో ఉన్న జనం దగ్గర ఎక్కువ పన్ను గుంజడం వల్లే ఆ మిగులు వచ్చిందని ప్రభుత్వ లెక్కలతోనే చూపించారు. ఉప్పు పన్ను తగ్గించమని అడిగారు. ఏటేటా అదే అడిగారు. మణుగుకు రెండున్నర రూపాయలున్న ఆ పన్ను 1903లో రెండు రూపాయలకు, 1905లో రూపాయిన్నరకు, 1907లో ఒక్క రూపాయికి దిగింది. అదంతా ఆయన ఒక్కరి వల్లే అనలేం. కానీ ఆ కౌన్సిల్‌లో పేదవాడి ఉప్పు గురించి అంత గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

1909 చట్టంతో సభ్యులకు కొత్త హక్కు వచ్చింది. ప్రజా ప్రయోజనం ఉన్న ఏ విషయం మీదైనా తీర్మానం పెట్టొచ్చు, ఓటింగ్ అడగొచ్చు. అయితే తీర్మానం నెగ్గినా అది ప్రభుత్వానికి సిఫారసు మాత్రమే, చట్టం కాదు. పైగా సభలో మెజారిటీ ప్రభుత్వ అధికారులదే. అంటే సర్కారు వద్దనుకుంటే ఏదీ నెగ్గదు. మరి దీనివల్ల లాభమేంటి? తీర్మానం పెడితే ప్రభుత్వం లేచి జవాబు చెప్పాలి. ఎందుకు చేయదో కారణం చెప్పాలి. అది రికార్డుకెక్కుతుంది, పత్రికల్లో వస్తుంది. గోఖలే ఈ కిటుకును అందరికంటే ముందు పట్టుకున్నారు.

1910 ఫిబ్రవరి 25న ఆయన పెట్టిన తీర్మానం మన తెలుగువాళ్ల బతుకులకు సంబంధించినది. 1860 నుంచి మద్రాసు ఓడరేవు మీదుగా వేలాది మందిని దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు తీసుకెళ్లేవారు. ఐదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకునే ఆ పద్ధతినే జనం గిర్మిట్ అన్నారు. 1911 నాటికి అలా వెళ్లినవాళ్లు సుమారు లక్షా 52 వేల మంది. వాళ్లలో విశాఖపట్నం వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లున్నారు, ముస్లింలూ ఉన్నారు. ఒప్పందం ముగిసి అక్కడే ఉండిపోదామంటే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టాలి. నటాల్‌కు కూలీలను పంపడం ఆపే అధికారం తీసుకోండని గోఖలే ప్రభుత్వాన్ని కోరారు. ఆ చర్చలో జిన్నా కూడా ఆయనకు మద్దతుగా మాట్లాడారు. అక్కడి భారతీయులపై జరుగుతున్నది క్రూరత్వమన్నందుకు వైస్రాయ్ మింటో అభ్యంతరం చెప్పినా తగ్గలేదు. ఈ తీర్మానాన్ని ప్రభుత్వం ఒప్పుకుంది. 1911 జులై 1 నుంచి నటాల్‌కు కూలీల ఎగుమతి ఆగిపోయింది.

1912 మార్చి 4న మరో అడుగు ముందుకేశారు. నటాల్ ఒక్కటే కాదు, ఎక్కడికీ గిర్మిట్ వద్దని తీర్మానం పెట్టారు. అనుకూలంగా 22, వ్యతిరేకంగా 33. ఓడిపోయారు. కానీ ఆ వాదన సభ రికార్డులో నిలిచిపోయింది. 1916లో మదన్ మోహన్ మాలవీయ దాదాపు అదే తీర్మానం పెడితే వైస్రాయ్ హార్డింజ్ ఒప్పుకోక తప్పలేదు. 1917లో కొత్త కూలీల నియామకం ఆగింది. అది చూడటానికి గోఖలే లేరు.

ఆయన మనసంతా ఉన్నది తాలీమ్ మీద. 1911 జనాభా లెక్కల్లో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి ఆరుగురే. 1910 మార్చిలో ప్రాథమిక విద్యను ఉచితంగా, నిర్బంధంగా చేయాలని తీర్మానం పెట్టారు. విషయం పరిశీలిస్తామని ప్రభుత్వం చెప్పడంతో వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాదే కేంద్రంలో విద్యకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. శాఖ వచ్చింది కానీ చదువు రాలేదు. అందుకే 1911 మార్చి 16న సొంతంగా బిల్లే తెచ్చారు. అందులో అడిగింది ఆకాశం కాదు. పిల్లలు ఇప్పటికే కొంత శాతం బడికి వెళ్తున్న చోట, స్థానిక సంస్థ కోరుకుంటే, ఆరు నుంచి పదేళ్ల మగపిల్లలను బడికి పంపడం తప్పనిసరి చేయాలి. ఆడపిల్లలకు ఆ తర్వాత వర్తింపజేయవచ్చు. నెలకు పది రూపాయల లోపు ఆదాయమున్న తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకోకూడదు. బరోడా సంస్థానం 1906లోనే చేసి చూపించింది కదా, బ్రిటిష్ సర్కారుకు ఎందుకు చేతకాదు అన్నది ఆయన ప్రశ్న.

1912 మార్చిలో రెండు రోజులు చర్చ జరిగింది. డబ్బు లేదన్నారు, జనం సిద్ధంగా లేరన్నారు. పేదల పిల్లలు చదివితే పొలాల్లో పనికి ఎవరొస్తారని భయపడ్డ భారతీయ పెద్దలూ వ్యతిరేకించారు. బీహార్‌కు చెందిన మౌలానా మజ్‌హరుల్ హక్ మాత్రం గోఖలే వెంట నిలబడ్డారు. బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలన్న ప్రతిపాదనకు 13 ఓట్లు అనుకూలం, 38 వ్యతిరేకం. ఫలితం ఇదేనని గోఖలేకు ముందే తెలుసు. తమ తరం చేయగలిగింది ఓటములతో సేవ చేయడమేనని, విజయాలు తర్వాతి తరాలవని ఆయన నమ్మకం.

మామూలు సభ్యుడు తెచ్చిన బిల్లు చట్టం కాలేదా అంటే, అదే సభలో అయింది. సంతానం కోసం చేసే వక్ఫ్ చెల్లదని 1894లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పుతో ఎన్నో ముస్లిం కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. దానిపై జిన్నా 1911లో బిల్లు పెట్టారు. 1913లో అది వక్ఫ్ చట్టంగా వచ్చింది.

గోఖలే 1912 అక్టోబరులో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో కలిసి ఊరూరా తిరిగి, అహ్మద్ ముహమ్మద్ కాచలియా వంటి వ్యాపారులతో పాటు కూలీల గోడూ విన్నారు. మూడు పౌండ్ల పన్ను తీసేస్తారన్న నమ్మకంతో తిరిగొచ్చారు. అక్కడి సర్కారు మాట తప్పింది. 1913లో గని కార్మికులు సమ్మెకు దిగాక, 1914లో ఆ పన్ను రద్దయింది. మధుమేహంతో నలిగిపోయిన గోఖలే 1915 ఫిబ్రవరి 19న పుణెలో కన్నుమూశారు. అప్పటికి వయసు 48 ఏళ్లు.

ఆయన అడిగిన చదువు మన పిల్లలకు చట్టబద్ధమైన హక్కుగా అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. మొదటి తీర్మానం పెట్టి అప్పటికి సరిగ్గా నూరేళ్లు.

ఇప్పుడు సభ్యుల చేతిలో అంతకంటే ఎక్కువ దారులున్నాయి. ప్రశ్నోత్తరాలున్నాయి, సావధాన తీర్మానం, వాయిదా తీర్మానం ఉన్నాయి. లోక్‌సభలో శుక్రవారం చివరి రెండున్నర గంటలు మామూలు సభ్యుల బిల్లులు, తీర్మానాలకే కేటాయించారు. మన పేటలో ఉర్దూ బడికి టీచర్ లేకపోయినా, స్కాలర్‌షిప్ ఆగిపోయినా వాటి గురించి అడిగే చోటు అదే. కాబట్టి మన ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు సడక్, నల్లా ఒక్కటే కాదు, ఇంకో మాట కూడా అడుగుదాం. ఈ ఐదేళ్లలో మా పిల్లల తాలీమ్ గురించి సభలో ఎన్ని ప్రశ్నలు వేశారు, ఏ తీర్మానం పెట్టారు, సర్కారు ఏం జవాబిచ్చింది? ఆ కాగితం చూపించమందాం.