ఇమానిషి పెట్టించిన పేర్లు

ఇమానిషి కింజి గారి మీద నాకు ఇష్టం కోతుల వల్లే. 1902లో క్యోటోలో పుట్టారు. ముందు పురుగులు, కొండలు, తర్వాత గుర్రాలు! ఆ గుర్రాల కోసం వెళ్లే 1948లో కోషిమా దీవి కోతుల దగ్గర తేలారు. ఒక్కోదానికీ పేరుపెట్టి గుర్తుపట్టాల్సిందేనని శిష్యులకి నేర్పారు. జంతువులకీ సంస్కృతి ఉంటుందని 1952లోనే రాశారు. మరుసటేడు ఇమో అనే పిల్లకోతి ఇసుకంటిన చిలగడదుంపని నీళ్లలో కడుక్కుంది. తోటిపిల్లలు నేర్చుకున్నాయి, తల్లి కూడా. పెద్ద మగకోతులు మాత్రం చాలావరకు అలాగే తినేవి. తర్వాత పుట్టిన పిల్లలు తల్లుల్ని చూసే కడిగాయి. పేరు లేకపోతే ఎవరు ఎవర్ని చూసి నేర్చారో తెలిసేదా? ఇమానిషి 1992లో పోయారు.

అమ్మకి వీడియో కాల్ నేనే నేర్పాను. నాన్న ఇంకా ముట్టుకోరు. అమ్మ ఫోన్ పట్టుకుంటే వెనక నిలబడి, తిన్నావా అని అడుగుతారు.