వజ్రంలోకి శబ్దం పంపిన భగవంతం

ఆలూరు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అలా ఉబ్బే బంకమట్టి నిండా సన్నని పొరలే. నీళ్లలో కలిపి అల్ట్రాసౌండ్‌తో ఆ పొరల్ని విడదీసి, మధ్యలోకి లోహ అయాన్లను ఎక్కిస్తే రసాయన చర్యల్ని వేగంగా నడిపే ఉత్ప్రేరకం తయారవుతుంది. కెమిస్ట్రీ ల్యాబుల్లో ఇది ఇప్పటి పని. చెవికి వినపడని ఆ శబ్దాన్ని తెలుగునాట ముందుగా పనిలోకి దించినవారిలో ఓ ఫిజిక్స్ మాస్టారున్నారు. ఆయనే సూరి భగవంతం.

1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. నిజాం కాలేజీలో డిగ్రీ కాగానే 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడిన ఏడాదే అది! గురువు దారిలో కాంతి మీదే ఉండిపోవచ్చు. కానీ వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ అల్ట్రాసౌండ్ వైపూ వచ్చారు.

వజ్రం ఒత్తిడికి ఎంత లొంగుతుందో తేల్చాలి. పగలగొట్టకూడదు, చేతిలో ఉన్నవేమో చిన్న ముక్కలు. భీమసేనాచార్‌తో కలిసి వాటిలోకి శబ్దం పంపారు, దాని వేగాన్ని బట్టి లెక్క కట్టారు. 1946లో ఆ ఫలితం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది.

తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. 1989లో కన్నుమూశారు. చాలామందికి ఆ పదవులే గుర్తు. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు మాత్రం ఆ వజ్రం పేపరు చదివి వెళ్లండి.